అంబుజం వదిన వేసిన దావా

అంబుజం వదిన కోర్టులో దావా వేసిన తరవాత మా బంధువర్గంలో చాలా ఏళ్లు ఏ ఆడపిల్లకీ ఆ పేరు పెట్టలేదు. కన్నతండ్రిని కోర్టు మెట్లెక్కించిన పిల్ల పేరట, పెడితే ఆ గుణం వస్తుందట. వస్తే బాగుండేదనే నేనంటాను. పగలు అలా తిట్టిన ఇళ్లలోంచే రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఆడపిల్లలు గుట్టుగా ఆవిడ దగ్గరికి వచ్చి, దావా నడిపిన వక్కీలు పేరేమిటని అడిగి వెళ్లేవాళ్లు.

ఆవిడ మా మేనమామ సంజీవి పెద్ద కూతురు. మేం అరవదేశంలో స్థిరపడ్డ తెలుగువాళ్లం. రాజపాళయంలో వాళ్లది పెద్ద ఇల్లు. పడమట కొండవైపు తాతల నాటి మామిడితోపు, కింద పత్తిచేలు. మామ చెడ్డవాడని అనలేను గానీ, తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం. కూతురూ అంతే. ఇద్దరూ ఒకే కప్పు కింద పంతొమ్మిదేళ్లు ఎలా నెట్టుకొచ్చారన్నదే నాకు వింత.

ఊళ్లో మిల్లు సంగు, అదే సైరన్, ఊదడం మొదలైన కొత్తల్లో, వదినను కేశవన్‌కు ఇవ్వాలని పెద్దవాళ్లు నిశ్చయించారు. కేశవన్ వదిన తల్లి కమలమ్మాళ్‌కు సొంత తమ్ముడు, తళవాయిపురంలో ఉండేవాడు. భార్య పోయి ఏడాది తిరగలేదు, ఇద్దరు పిల్లలు. అక్క కూతురు మేనమామ సొత్తు అని మావైపు ఆచారం. దానికి ఉరిమై అని పేరు. ఇవ్వకపోతే అతనికి అవమానం. పిల్లకు ఇష్టమా కాదా అని అడిగే ఆచారం మాత్రం ఎవరూ పెట్టలేదు.

తాంబూలం పళ్లెం పెట్టిన రోజున వదిన నడిమింట్లోకి వచ్చి కేశవన్ ఎదుట నిలబడింది.

"మామా, మీ ఉరిమై మీరు అడిగినారు, తప్పు లేదు. నాకు ఇష్టం లేదు. వేరే పిల్లని చూసుకోండి."

సంజీవి మామ లేచాడు. "నా మాట వినేవాళ్లకే ఈ ఇంట్లో కూడు. కేశవన్‌ని కట్టుకుంటావా, బయటికి పోతావా?"

"కట్టుకోను. బయటికీ పోను."

మామ ఆవిడ రెక్క పట్టి ఈడ్చుకొచ్చి, వీధిలో నిలబెట్టి, తలుపు గడియ వేశాడు. పట్టపగలు, అంత మంది చూస్తుండగా. ఒక్కరూ అడ్డం రాలేదు. కమలమ్మాళ్ అత్త కుక్కిన పేనులా లోపలే ఉండిపోయింది. ఆ మాట తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

కట్టుబట్టలతో వదిన మంసాపురంలో మా ఇంటికి వచ్చింది. మా అమ్మ పాప్పమ్మాళ్ సంజీవి మామకు చెల్లెలు. మా నాన్న పోయాక మేమిద్దరమే ఉండేవాళ్లం. అమ్మ చెంబుతో నీళ్లు తెచ్చింది. "కాళ్లు కడుక్కో. నా అన్న కోపం నాకేమి కొత్తా?" అంది.

ఆ తరవాత బుద్ధులు చెప్పేవాళ్లు వరసకట్టారు. వెళ్లి తండ్రి కాళ్ల మీద పడమన్నారు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందన్నారు. వదిన అందరికీ మజ్జిగ ఇచ్చి పంపేది. ఒకరోజు మా పొలం తగాదాలో వాదించిన వక్కీలు చొక్కలింగం దగ్గరికి తీసుకుపొమ్మని అమ్మను అడిగింది. ముగ్గురం శ్రీవిల్లిపుత్తూరు వెళ్లాం.

ఆయన అరవంలో చెప్పింది ఇదీ. పెళ్లికాని కూతురికి తండ్రి తిండి, గుడ్డ, నీడ ఇచ్చి తీరాలి. తాతల ఆస్తి ఉన్న ఇంట్లో అది తండ్రి దయ కాదు, కూతురి హక్కు. పద్దెనిమిదేళ్లు నిండిన పిల్లకు బలవంతంగా పెళ్లి చేసే అధికారం తండ్రికీ లేదు, మేనమామకూ లేదు.

వదిన ఆయన చేత మళ్లీ చెప్పించుకుంది. బయటికి వచ్చాక నా చెయ్యి పట్టుకుని, "దయ కాదంట, విన్నావా?" అని పకపకా నవ్వింది. ఇల్లు విడిచాక ఆవిడ నవ్వడం అదే మొదలు.

చేతిలో కాసు లేనివాళ్లు కోర్టు ఫీజు కట్టకుండా వేసేదాన్ని పాపర్ దావా అంటారు. నెలనెలా మనోవర్తి ఇప్పించమని వదిన అదే వేసింది. సమన్లు అందినప్పుడు మామకు దావా కంటే ఆ పేరే ఎక్కువ గుచ్చుకుందట. "నా కూతురు పాపరా?" అని వీధంతా వినబడేలా అరిచాడట. కన్నతండ్రి మీద కేసా అని అడిగినవాళ్లకు వదిన ఒకటే జవాబు చెప్పేది. "కన్నాడు గనక దాన్, అందుకే ఆయన మీద వేసినాను. ఎదురింటాయన మీద వేస్తానా?"

విచారణ రోజున మామ తెల్లటి అంగవస్త్రం సర్దుకుని బోనెక్కాడు. పరువు గల మనిషి, అంతమంది పరాయివాళ్ల ఎదుట కూతుర్ని గెంటేశానని ఎలా ఒప్పుకుంటాడు?

"నేను తరమలేదు. కోపపడి తనే పోయింది. మా ఇంట్లో కూడు లేదనే పేచ్చే లేదు, ఆ మాటే రాదు. తలుపు తెరిచే ఉండాది. ఈరోజే రానీ, కూతురుగా పెట్టుకుంటాను. పెళ్లికి కట్టాయం చెయ్యను, బలవంతం లేదు."

మా వక్కీలు మొహం వాడిపోయింది. తండ్రి నీడ ఇస్తానంటుంటే కూతురు రానంటే, ఇక మనోవర్తి దక్కదు. మామ లెక్కా అదే. తన కూతురి రోషం ఆయనకు తెలుసు, చస్తే ఆ గడప తొక్కదని ధీమా. నేనూ అలాగే అనుకున్నాను. నువ్వేమంటావని మున్సిఫ్ జడ్జి వదినను అడిగాడు.

వదిన తండ్రినే చూసింది. తరవాత గట్టిగా అంది.

"సరి. ఈరోజే పోతాను. ఆయన చెప్పినదంతా రాసుకోండి."

మున్సిఫ్ అంతా రాయించాడు. ఆ పిల్లను మళ్లీ బయటికి పంపితే ఈ కోర్టుకే జవాబు చెప్పాలని మామను హెచ్చరించాడు. మామ మింగలేక కక్కలేక తల ఊపాడు.

నాకు మాత్రం మండిపోయింది. బయటికి రాగానే అడిగేశాను. "తరిమినాయన ఇంటికే పోతావా? సిగ్గు లేదా వదినా?"

"సిగ్గు తరిమినవాళ్లకి ఉండాల. నా ఇంటికి నేను పోయేదానికి నాకేమి సిగ్గు? నాయన నా రోషం మీద పందెం కట్టినాడు. ఇప్పుడు రోషపడితే ఇల్లు పోతుంది."

బస్సు దిగి మేం రాజపాళయంలో ఆ వీధిలోకి వచ్చేసరికి మామ బాడుగ కారులో ముందే చేరిపోయాడు. తలుపు మూసి ఉంది. ఇరుగుపొరుగు వాకిళ్లలోకి వచ్చి చూస్తున్నారు. తిన్నె మీద కేశవన్ కాలు మీద కాలేసుకుని కూర్చుని ఉన్నాడు.

"తలుపు తెరవరు. వచ్చిన దోవనే పో" అన్నాడు.

వదిన మూట కింద పెట్టింది. "పరవాలేదు మామా. మీరు దాన్ సాక్షి, మీరే. తలుపు తెరిచే ఉండాదని నాయన కోర్టులో ప్రమాణం చేసినాడు. మూసి ఉండేది మీరు చూసినారు. రేపు నాతో వచ్చి మున్సిఫ్ దగ్గర అదే చెప్పండి, చాలు."

కేశవన్ కాలు కిందికి దిగింది. వదినను చూశాడు, వీధిలో జనాన్ని చూశాడు. గబుక్కున లేచి రెండు చేతులతో తలుపు బాదడం మొదలుపెట్టాడు. "బావా! తెరువు బావా! నన్ను కోర్టుకి ఈడుస్తుంది!"

ఎదురింటి ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. గడియ తీసిన చప్పుడైంది. మామే తీశాడు.

వదిన పెరట్లో కాళ్లు కడుక్కుని వచ్చి వంటింట్లో పీట వేసుకుంది. కమలమ్మాళ్ అత్త కళ్లు తుడుచుకుంటూ అన్నం వడ్డించింది. సంజీవి మామ గుమ్మంలో నిలబడ్డాడు.

"ఉండు, సరి. నేను చచ్చేదాకా నీతో ఒక మాట మాట్లాడను."

వదిన తల ఎత్తకుండా అన్నం కలుపుకుంది. "మాట్లాడొద్దు నాయనా. కోర్టులో మాట్లాడినారు, అది చాలు నాకు." తరవాత విస్తరి ముందుకు జరిపింది. "అమ్మా, ఇంకొంచెం పులుసు పొయ్యి."