రేకు తలుపు కింద

కృపారావు కళ్ళకి ఏ జబ్బూ లేదు. అయినా న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో అతని క్వార్టర్ల లైను వాళ్ళందరికీ అతనికి శుక్లం వచ్చిందనే తెలుసు. శనివారం శనివారం గోల్‌బజారులో కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తున్నానని అతనే చెప్పుకున్నాడు మరి. దాంతో ఎదురు క్వార్టర్ ఎలీసమ్మ కళ్ళకి మంచిదని పొన్నగంటి కూర వండి పంపడం మొదలుపెట్టింది. పాపం, నాలుగు నెలలు నోరెత్తకుండా తిన్నాడు. అబద్ధమాడిన వాడికి ఆకుకూర పెద్ద శిక్షేమీ కాదు.

అబద్ధంలో పిసరంత నిజం లేకపోలేదు. మందుల షాపు మీద గదిలో కూర్చునే మౌమితా దీదీ చేసే వైద్యం కళ్ళతోనే. మనసు మీద పడిన దెబ్బకి కళ్ళు తిప్పించి మందు వేస్తుందావిడ. కలకత్తాలో నర్సు పని చేస్తున్న కూతురు జెనీ దాని పేరు ఈఎండీఆర్ అని చెప్పింది. పేరు విని కృపారావు అదేదో కొత్త రకం ఇంజనేమో అనుకున్నాడు. పిచ్చి డాక్టరు అన్నమాట లైనులో ఎవరి నోటా రాకూడదని మాత్రం కూతురి దగ్గర ఒట్టు వేయించుకున్నాడు.

ఖరగ్‌పూర్‌లో అతనిది మూడో తరం. తాత భీమిలి వైపు నుంచి వచ్చి బాయిలర్ల పనిలో చేరాడు. తండ్రి వర్క్‌షాపులో రిటైరయ్యాడు. కృపారావు బోగీలు బాగుచేసే డిపోలో ఫిట్టరు. ఇరవయ్యారేళ్ళ సర్వీసులో ఒక్క చెడిపోయిన బోగీ మీదా 'ఫిట్' అని సుద్దముక్కతో రాసి ఎరగడు. అది కాక బ్రేక్‌డౌన్ గ్యాంగులో గ్యాస్ కట్టరు, మంటతో ఇనుము కోసేవాడు. ఎక్కడైనా బండి పట్టాలు తప్పితే సైరన్ మోగుతుంది. మూడు పొడుగు కూతలూ ఒక పొట్టి కూతా వస్తే, ప్రమాదం జరిగింది, లోపల మనుషులున్నారని అర్థం. గ్యాంగు వాళ్ళు తింటున్న కంచం ముందు నుంచి లేచి రిలీఫ్ బండికి పరుగెత్తాలి. లైనంతా గుమ్మాల్లోకి వచ్చి నిలబడుతుంది. ఎవరు పరుగెత్తారో, ఎవరికి చొక్కా చెయ్యి ఎక్కలేదో అందరూ చూస్తారు. తిరిగొచ్చాక వాళ్ళకున్న గౌరవం పాస్టరు గారికి కూడా ఉండదు.

రెండున్నరేళ్ళ కిందట ముసురులో ఒక పాసింజరు బండి పడిపోయింది. నుజ్జయిన బోగీ గోడ కోస్తుంటే లోపల్నుంచి ఒక ముసలి గొంతు, "ఇంకా ఎంతసేపు దాదా?" అని బెంగాలీలో అడిగింది. "పది నిమిషాలు," అన్నాడు కృపారావు. రేకు వెనక రేకు, దాని వెనక కమ్మీలు. గొంతు మళ్ళీ అడిగింది. మళ్ళీ పది నిమిషాలే అన్నాడు. మూడోసారి అడగలేదు. కోత పూర్తయ్యేసరికి నలభై నిమిషాలు పట్టింది. ఊపిరాగిన ఆ ముసలాయన్ని బయటికి తీసింది కృపారావూ, పక్కన జాకీ పట్టిన నూకయ్యా. తీశాక కృపారావు చెయ్యి కట్టరుని ఎంతకీ వదలకపోతే, నూకయ్యే ఒక్కొక్క వేలూ విప్పి తీశాడు.

ఈ నూకయ్య పక్క లైనులో ఉంటాడు, శ్రీకాకుళం వైపు కుటుంబం, కృపారావు కంటే పదేళ్ళు పెద్ద. దేవుళ్ళు వేరైనా ఇరవయ్యేళ్ళుగా ఇద్దరిదీ ఒకే టిఫిన్ డబ్బా. ఎవరింటి పులుసు ఎవరింటిదో వాళ్ళ పెళ్ళాలకే తెలియాలి.

పాసింజరు పడిన ఎనిమిది నెలలకి ఒక ఆదివారం జరిగిందే అసలు కథ. మొగుడూ పెళ్ళామూ చర్చి గుడి నుంచి వచ్చి భోజనానికి కూర్చున్నారు. సైరన్ మోగింది. మూడు పొడుగు, ఒక పొట్టి. కృపారావు లేచాడు. వీధి గుమ్మం వైపు కాదు, పెరట్లోకి నడిచాడు. బాత్రూంలోకి వెళ్ళి రేకు తలుపు గడియ పెట్టుకున్నాడు. ఎందుకు వెళ్ళాడో అతనికే తెలియదు, కాళ్ళు తీసుకుపోయాయి. గోడకి వీపు ఆనించి నిలబడి, వీధి గుమ్మంలో నూకయ్య గొంతూ, భార్య సరోజమ్మ గొంతూ విన్నాడు.

"ఆయన ఇంట్ల నేడన్నా. పూరీ గేట్‌ల మా ఆడపడుచింటికి ఎల్లినాడు," అంది సరోజమ్మ.

ఆమెను ఎవరూ ఆ మాట చెప్పమనలేదు. ఆదివారం పూట కూర బేరం కూడా ఆడని మనిషి, మొగుడి మొహం ఒక్కసారి చూసి అంత అబద్ధం ఆడేసింది. తర్వాత ఆ సంగతి వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు ఎత్తనే లేదు.

ఆ రోజు కోసే పని తెలిసిన ఇంకొకడు సెలవులో ఉన్నాడు. పని తెలియని చెయ్యే అయినా నూకయ్య కట్టరు పట్టాడు. మంట వెనక్కి తన్ని ఎడమ చెయ్యి మోచేతి నుంచి మణికట్టు దాకా కాలిపోయింది. మూడు వారాలు ఆస్పత్రిలో ఉన్నాడు. అప్పట్నుంచి మండు వేసవిలో కూడా నిండు చేతుల చొక్కా వేసుకుంటాడు.

ఇక్కడితో ఆగినా బాగుండేది. కృపారావు అదృష్టం చూసి గుడిలో వాళ్ళంతా ముచ్చటపడ్డారు. సరిగ్గా ఆ పూటే అతన్ని పూరీ గేట్ పంపించి దేవుడు తప్పించాడన్నారు. దేవుడు చేసిన ఆ మేలుకి గుడిలో అందరి ముందూ సాక్ష్యం చెప్పాలని పాస్టరు తిమోతి గారు పట్టుబట్టారు. కాదంటే ఎందుకని అడుగుతారు. తేలు కుట్టిన దొంగ కేకేయగలడా? లేచి నిలబడి, దేవుడు నన్ను ఆ వేళ చెల్లెలింటికి నడిపించాడని చెప్పాడు. జనం స్తోత్రం అన్నారు. సరోజమ్మ తలమీది కొంగు కళ్ళదాకా లాక్కుంది. ఆ సాయంత్రం ఆస్పత్రికి వెళ్తే, కట్టు కట్టిన చేత్తోనే నూకయ్య అతనికి కమలా పండు వలిచి పెట్టాడు. కృపారావు తొన తొనా తలొంచుకుని తిన్నాడు.

ఏడాదిన్నర పాటు అలా నెట్టుకొచ్చాడు. వర్క్‌షాపు షిఫ్టు సైరన్ మోగినా చెమటలు పట్టేవి. గ్యాంగు నుంచి ఎలాగో పేరు తీయించుకున్నాడు. ఒకసారి జెనీ ఇంటికొచ్చినప్పుడు షిఫ్టు కూత వినగానే నాన్న బజారు మధ్యలో సైకిలు వదిలేసి చతికిలబడటం చూసింది. ఆ వారమే మౌమితా దీదీ దగ్గర పేరు రాయించింది. బోగీ సంగతి చెప్పాడు కూతురికి. బాత్రూం సంగతి చెప్పలేదు.

మౌమితా దీదీ ఎదురుగా కాస్త పక్కకి కూర్చునేది. రెండు వేళ్ళు అతని కళ్ళముందు అటు చివర నుంచి ఇటు చివరికి ఆడించేది. తల కదపకూడదు, కళ్ళే తిప్పాలి. అలా తిప్పుతూ ఆ చెడ్డ దృశ్యాన్ని మనసులో పెట్టుకోవాలి. పాతిక ముప్ఫై సార్లయ్యాక ఆపి, ఊపిరి పీల్చుకోమని, ఏం వచ్చిందని అడుగుతుంది. ఎంత బాధగా ఉంది, సున్నా నుంచి పది లోపల ఒక అంకె చెప్పమంటుంది. మొదటి రోజు కృపారావుకి నవ్వొచ్చింది. చంటిపిల్లకి గిలక్కాయ ఆడించినట్టుంది, దీనికా నేను మొహం దాచుకుని వచ్చానూ అనుకున్నాడు. ఆ తర్వాత ఏడుపొచ్చింది.

ఆశ్చర్యమేమిటంటే వైద్యం పనిచేసింది. బోగీ దృశ్యం మొదట తొమ్మిది. ఆరేడు వారాలకి ముసలాయన గొంతు దూరమైంది. నలభై నిమిషాల కంటే ముందు ఎవరూ కోయలేని గోడ అది అని మనసు తనంతట తానే ఒప్పుకుంది. నిజంగానే నాలుగుకి దిగింది. అక్కడ వచ్చింది చిక్కు. బోగీ పక్కకి తప్పుకున్న కొద్దీ దాని వెనక నుంచి రేకు తలుపు కనబడటం మొదలైంది.

అన్నీ చెప్పక్కర్లేదు రావుబాబూ, చూస్తే చాలు అని దీదీ మొదటే హిందీలో చెప్పింది. ఆ వెసులుబాటు అతనికి బాగా కలిసొచ్చింది. తలుపు కనబడితే దాన్ని తోసేసి, బోగీయే కనబడిందని చెప్పేవాడు. అంకె అడిగితే మూడు అన్నాడు, ఆపై వారం రెండు, ఆపైన ఒకటి. దీదీ సంతోషించేది. బోగీల మీద తప్పుడు సుద్దగీత గీయని వాడు తన మీద తానే గీసుకున్నాడు.

అలాగే సున్నా దాకా పోయేవాడేమో. ఈలోగా నూకయ్య రిటైర్మెంటు వచ్చిపడింది. ముప్ఫై ఒకటో తారీఖు సాయంత్రం డిపోలో దండలు, తర్వాత లైనులో షామియానా వేసి భోజనాలు. నూకయ్య గురించి నాలుగు ముక్కలు మాట్లాడాల్సింది కృపారావేనని అందరూ తీర్మానించేశారు. ఆ చెయ్యి కాలిన సంగతి తప్పకుండా చెప్పమని మరీ అడిగారు.

ఆ ముందు శనివారం మౌమితా దీదీ మొదటి దృశ్యం మళ్ళీ తెచ్చుకోమంది. పరీక్షగా ఒక్కసారి చూసి ముగిద్దామంది. కృపారావు కుర్చీ వెనక్కి జరిపాడు. చివరికి, ఇన్నాళ్ళూ నీకు అబద్ధపు అంకెలు చెప్పాను దీదీ, దృశ్యం అది కాదు అన్నాడు. బాత్రూం సంగతి మొదటిసారి ఇంకొకరి ముందు నోటితో చెప్పాడు. సిగ్గుతో చెవులు మండిపోయాయి. ఆవిడ కోప్పడలేదు. అంకె ఎంత అని మాత్రం అడిగింది. పది అన్నాడు.

వేళ్ళు కదిలాయి. తలుపు, గడియ, తుప్పు. ఇంకో విడత. వీధి గుమ్మంలో సరోజమ్మ గొంతు. ఇంకో విడత. ఇరుకు బాత్రూంలో తల వంచుకుని నిలబడ్డ తను, చెప్పులు లేని తన పాదాలు. తలుపు కింది భాగం తుప్పుపట్టి జానెడు మేర ఊడిపోయి ఉంది, ఏళ్ళ తరబడి అలాగే ఉంది. ఆ జానెడు ఖాళీలోంచి బయట రెండు డ్యూటీ బూట్లు కనబడ్డాయి. ఒకదానికి లేసు బదులు కరెంటు తీగ. బూట్ల ముక్కులు తలుపు వైపే ఉన్నాయి. కాసేపు అలాగే ఉండి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయాయి.

కృపారావు కళ్ళు తిప్పడం ఆగిపోయింది. తీగతో బూటు కట్టుకునేవాడు గ్యాంగు మొత్తంలో ఒక్కడే. ఆ రోజు కళ్ళు చూశాయి, తను చూడలేదు.

అటునుంచి అటే నూకయ్య ఇంటికి వెళ్ళాడు. నూకయ్య వాకిట్లో బనీనుతో కూర్చుని, అప్పజెప్పాల్సిన పనిముట్లకి నూనె రాస్తున్నాడు. కాలిన చెయ్యి అలా బయటపడి ఉండటం కృపారావు ఆస్పత్రి తర్వాత చూడలేదు. చర్మం ముడతలుపడి మెరుస్తోంది. మనిషిని చూడగానే నూకయ్య తువ్వాలు తీసి చేతి మీద వేసుకున్నాడు.

"అన్నా, ఆ ఆదివారం మా పెరట్లోకి ఎందికి ఒచ్చినావు?" అన్నాడు కృపారావు.

నూకయ్య స్పానరు తుడవడం మానలేదు. "నీ సైకిలుందో నేదో సూద్దారని."

"సైకిలుంది."

"ఉంది. నీ కాళ్ళూ ఉన్నాయి."

కృపారావు గడప మీద కూర్చున్నాడు. ఏడాదిన్నర దాటింది. ఈ మనిషి ఒక్కరోజు కూడా మాట తూలలేదు. పూరీ గేట్‌కి వెళ్ళాడని ఫోర్‌మన్‌కి తనే చెప్పాడు. సాక్ష్యం సంగతి విని కూడా నవ్వలేదు, పైగా కమలా పండు వలిచి పెట్టాడు. పిరికివాణ్ణయ్యానన్న సిగ్గు ఒకటనుకుంటే, తన్ను దాచిపెట్టిన వాడి దగ్గరే ఇన్నాళ్ళూ దాక్కున్నానన్న సిగ్గు దానికి నాలుగింతలైంది. ఎందుకు పిలవలేదన్నా, తలుపు ఒక్కసారి తడితే వచ్చేవాణ్ణి కదా అన్నాడు.

"ఒచ్చీసీవోడివే," అన్నాడు నూకయ్య. "పాసింజరు కాడ నీ సేతిలోంచి కట్టరు తీసినోణ్ణి నానే కదా. ఏలు ఏలూ ఇప్పినాను. నాను పిలిస్తే నువ్వొస్తావు. అందికే పిలవనేదు."

నూకయ్య భార్య టీ తెచ్చి కృపారావు చేతికిచ్చింది. తాగాడు. చీకటి పడే వేళకి ఇంటికి చేరి, సరోజమ్మతో రేపు గుడికి నేను రాను అన్నాడు.

ముప్ఫై ఒకటో తారీఖు సాయంత్రం షామియానా కింద డిపో వాళ్ళూ, గుడి వాళ్ళూ, రెండు లైన్ల ఆడవాళ్ళూ నిండిపోయారు. పాస్టరు గారు ముందు వరసలో ఉన్నారు. సరోజమ్మ ఎలీసమ్మ పక్కన కూర్చుంది. మైకు కృపారావు చేతికిచ్చారు. రాసుకొచ్చిన కాగితం జేబులోంచి తీయలేదు.

"ఆ ఆదివారం నాను పూరీ గేట్‌కి ఎల్లనేదు," అన్నాడు. "మా బాత్రూంల దాక్కున్నాను. నూకయ్యన్న సెయ్యి నా బదులు కాలింది. గుళ్ళో నాను సెప్పిన సాక్ష్యం అబద్ధం. నా కళ్ళకి శుక్లాలు కూడా నేవు, మనసుకి వైద్యం సేయించుకుంటున్నాను."

వడ్డించేవాళ్ళు గరిటెలు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. పాస్టరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయారు. నూకయ్య మెడలో దండతో తల వంచుకున్నాడు. ఊరి ముందు బట్టలు విప్పుకున్నంత సిగ్గేసింది కృపారావుకి. మైకు పక్కన పెట్టబోతుంటే ఎలీసమ్మ మెల్లగా సరోజమ్మ వైపు తిరగడం చూశాడు. ఆ చూపు వెనకే ఇంకో నాలుగు తలలు తిరిగాయి. మొగుడు ఇంట్లో లేడని గుమ్మంలో నిలబడి చెప్పిందెవరో లైనంతటికీ గుర్తే. సరోజమ్మ కొంగు కళ్ళదాకా లాక్కుంది.

కృపారావు మైకు మళ్ళీ నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు.

"మా ఆవిడకి నాను దాక్కున్నట్టు తెలీదు. పూరీ గేట్‌కి ఎల్తన్నానని దానికీ అబద్ధమే సెప్పినాను," అన్నాడు.

ఆ సాయంత్రం అతనన్న మాటల్లో అబద్ధం అదొక్కటే. దానికి మాత్రం అతను సిగ్గుపడలేదు.