మాదీ ఎద్దులదీ ఒకే జాతి

మాకు జీవశాస్త్రం చెప్పిన పంతులుకు జీవాలంటేనే గిట్టదు. మేక వాసన వస్తే ముక్కు మూసుకునేవాడు, బల్లి కనబడితే కుర్చీ ఎక్కేవాడు. ఆయనకు ఇష్టమైనవి రెండే: తళతళలాడే తన బూట్లు, ‘జాతి’ అనే మాట. కోస్తాలోని సర్కారు జిల్లాల నుంచి నల్లగొండలో మా మిషన్ బడికి వచ్చిన మనిషి. మా మాట విన్నా నవ్వే, మా తిండి చూసినా నవ్వే. ఆ నవ్వునే చదువు అనుకునేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

అవి నైజాం రోజులు. మాది మర్రిగూడ వైపు ఒక మెట్ట ఊరు. సెంటు భూమి లేదు, మా బాపు ఊరి దొర దగ్గర జీతగాడు. మిషన్ వాళ్లు మాలాంటి ఇళ్లల్లోంచి తెచ్చి హాస్టల్లో పెట్టిన పిల్లల్లో నేనొకదాన్ని. మా ఊళ్లో పుట్టిన వాళ్లందరికీ పళ్ల మీద గోధుమరంగు చారలుండేవి. నడివయసుకే నడుములు వంగిపోయి, మెడలు బిగుసుకుపోయేవి. అమ్మ ఆలేరు వైపు పిల్ల కాబట్టి ఆమె పళ్లు జొన్నగింజల్లా తెల్లగా ఉండేవి. నాకు మాత్రం బాపు పళ్లు వచ్చాయని అందరూ అనేవాళ్లు. తమ్ముడు ఇంకా పాలపళ్ల వాడు, వాడి సంగతి తేలలేదు.

పంతులు చెప్పే జీవజాతుల పాఠం వింతగా ఉండేది. పుస్తకంలో కోతి బొమ్మ వచ్చే పేజీలన్నిటినీ రెండు వేళ్లతో ఎత్తి ఒక్కసారే దాటేసేవాడు. దేవుడు ఏ జాతిని ఆ జాతిగానే చేశాడు, మార్పన్నది లేదు, రాసుకోండి అనేవాడు. లోకంలో ఇన్ని రకాల ప్రాణులు ఎట్లా వచ్చాయి, ఒక తల్లి పిల్లలు ఒక్కలా ఎందుకుండరు, ఆ తేడాల్లో పుట్టుకతో వచ్చిందేది, బతికిన చోటు పెట్టిందేది? శాస్త్రమంతా ఆ దాటేసిన పేజీల్లోనే ఉంది. మిగిలిన పేజీలకు ఆయన అక్కర్లేదు, మేమే చదువుకోగలం.

ఒకరోజు నన్ను లేపి నోరు తెరవమన్నాడు. బెత్తం కొసతో నా పళ్లు చూపిస్తూ, “ఇది జాతి లక్షణం. తండ్రికి ఉంటే పిల్లకు వచ్చి తీరుతుంది. కడిగితే పోదు, తోమితే పోదు,” అన్నాడు. అంగట్లో ఎద్దును బేరమాడేవాడు కూడా దాని నోరు కాస్త మర్యాదగా తెరుస్తాడు. క్లాసులో పిల్లలంతా మెడలు చాచి చూశారు.

ఆ తర్వాత కొద్ది రోజులకే అమ్మ వచ్చింది. తమ్ముణ్ణి చంకనేసుకుని, కొంత బండి మీద, కొంత కాలినడకన వచ్చింది. తమ్ముణ్ణి తన దగ్గర పెంచుకుంటానని, ఆ ఊళ్లో ఉంటే వీడూ వంగిపోతాడని ఆలేరు నుంచి అమ్మమ్మ కబురు పంపిందట. బాపుకు మనసొప్పలేదు. “రక్తంలున్నది ఊరు మారిస్తె వోతదా? ఉన్న ఒక్క కొడుకును దూరం జేసుకునుడెందుకు? అయినా పిల్లకు సదువు జెప్పే పంతులును అడుగు. పంపుమంటే పంపుత,” అన్నాడట. అంటే తమ్ముడి నడుము ఆ బూట్ల మనిషి నోటి మాటలో ఉంది.

అమ్మ క్లాసు గడప బయటే నిలబడి అడిగింది.

“అయ్యా, పిలగాన్ని ఆలేరుకు పంపిస్తె వీని పండ్లు, నడుము మంచిగుంటయా?”

“ఏమ్మా, కోడిపిల్లను తీసుకెళ్లి బాతుల్లో పెంచితే బాతయిపోతుందా?”

“గాదయ్యా.” అమ్మ తమ్ముణ్ణి ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది. “గని మా ఊర్ల ఎద్దులకు గూడ పండ్లు గిట్లనే ఉంటయి.”

పంతులు మావైపు తిరిగి కన్ను గీటాడు. “అయితే మీదీ ఎద్దులదీ ఒకే జాతి అన్నమాట!”

క్లాసంతా గొల్లుమంది. పెద్ద మనిషి ఏదో మంచి మాటే అన్నాడనుకుని అమ్మ కూడా నవ్వింది. నాకు ఇప్పటికీ పంతులు మొహం కంటే ఆమె నవ్వే ఎక్కువ గుర్తొస్తుంది.

ఎద్దుకూ మనిషికీ ఒకే రోగం ఉందంటే అది రక్తంలో వచ్చింది కాదు, రెండూ కలిసి తాగే నీళ్లలోనో తినే గింజలోనో ఉండాలి. దీనికి పెద్ద తెలివి కూడా అక్కర్లేదు. నవ్వకుండా ఒక్క నిమిషం నోరు మూసుకుంటే చాలు. ఆయనకు ఆ పాటి ఓపిక కూడా లేకపోయింది. జవాబు చేతిలో పెడితే దాంతో పిల్లల్ని నవ్వించుకున్నాడు.

అమ్మ ఇంటికి పోయి “జాతేనట, ఏడికి పంపినా గంతేనట” అని చెప్పింది. కొడుకు కళ్ల ముందే ఉంటాడని బాపు సంబరపడ్డాడట.

పెద్దయ్యాక నేనూ ఆ పాఠమే చెప్పి బతికాను. ఒకే జొన్న విత్తనం ఎర్రమట్టి చెలకలో మోకాలెత్తు, నల్లరేగడిలో మనిషెత్తు ఎందుకు పెరుగుతుందో చెప్పమని పిల్లల్ని అడిగేదాన్ని. ఎవరి నోరూ తెరిపించలేదు. నైజాం పోయిన ఎన్నో ఏళ్లకు సర్కారు మనుషులొచ్చి మా బావి నీళ్లు సీసాల్లో పట్టుకుపోయారు. దోషమంతా నీళ్లలోనే ఉందన్నారు. తియ్యటి నీళ్లని ఎవరం అనుమానించలేదు. అప్పటికే బాపు పోయాడు. పళ్లు తెల్లగానే ఉండి నడుము విల్లులా వంగి అమ్మ కూడా పోయింది. ఎక్కడో ఆలేరులో పుట్టిన ఆమెకు ఏ జాతి లక్షణం పట్టుకుందో పంతులు చెప్పాలి.

సీసాల సంగతి చెప్పడానికి తమ్ముడి దగ్గరికి వెళ్లాను. వాడి గడ్డం అప్పటికే రొమ్ముకు ఆనుకుపోయింది. అరుగు మీద కూర్చుని అంతా విన్నాడు.

“గా పంతులు బతికున్నడా అక్కా?”

“ఎందుకురా?”

“ఒక్కసారి మొకం జూద్దామని.” అని, మళ్లీ తనే నవ్వాడు. “జూసుడేడిది. ఎదురుంగ నిలవడ్డా నాకు ఆయన బూట్లే కనవడతయి.”