కార్డు నిర్దోషి

ప్రపంచ చరిత్రను పండితులు రాతియుగమనీ ఇనుపయుగమనీ విభజించారు. ఆ ఇంటి చరిత్రకు అంత శ్రమ అక్కర్లేదు. చిన్నకోడలు చచ్చిన కంప్యూటర్లకు ముక్కు ఆనించి వాసన చూడక ముందు ఒక యుగం, చూడ్డం మొదలుపెట్టాక ఇంకో యుగం. వీధి వైపు గదిలో ఆమెకు కంప్యూటర్లు బాగుచేసే షాపు ఉంది. మరమ్మతుకు ఏది వచ్చినా ముందు మూత విప్పదు. వంగి, కళ్ళు మూసుకుని, కంప్యూటరుకు కరెంటు అందించే పవర్ సప్లై దగ్గర నిండుగా ఊపిరి పీలుస్తుంది. కమురు వాసన తగిలితే తీర్పు సగం వచ్చేసినట్టే. తగలకపోతే ఇంకా గంభీరంగా తల పంకిస్తుంది. ఈ ఘట్టం నడుస్తున్నంతసేపూ కాఫీ గ్లాసు చప్పుడు కాకుండా కింద పెట్టడం ఆమె భర్త అభ్యాసం చేసి నేర్చుకున్నాడు.

పెద్దకోడలిది మేడమీద గది. ఇంకా కట్టని ఇళ్ళకు కంప్యూటర్లో బొమ్మలు గీసి, గోడలకు రంగులు వేసి, కిటికీల్లోంచి ఎండ కూడా పడేట్టు చేసి, కట్టించుకునేవాళ్ళకు చూపించడం ఆమె పని. అంత ఎండ పడాలంటే మంచి గ్రాఫిక్స్ కార్డు ఉండాలి. అది చిన్నకోడలే ఏరికోరి తెచ్చి బిగించింది. పవర్ సప్లై మాత్రం పెద్దకోడలి తమ్ముడు తెచ్చాడు. దాని మీద కంపెనీ పేరు లేదు, ఓ మెరుపు బొమ్మ ఉంది. ఇది ఆ కార్డుకు చాలదేమో అక్కా అని చిన్నకోడలు అప్పుడే గొణిగింది. మా తమ్ముడు తెచ్చినదానికి వంకలు పెట్టకు అని జవాబొచ్చింది.

కొన్నాళ్ళు బాగానే నడిచింది. ఆ తర్వాత, ఉత్తరాలు టైపు చేసినంతసేపూ బుద్ధిగా ఉండి, సరిగ్గా బొమ్మలో ఎండ పడే సమయానికి తెర నల్లబడి ఆగిపోవడం మొదలైంది. పెద్దకోడలు ఒక్క ముక్కలో తేల్చేసింది. చిన్నది ఎవరో వాడిపారేసిన కార్డు తనకు అంటగట్టిందట. ఆ మాట అత్తగారి చెవిన వేసింది, ఆడపడుచుకు ఫోన్లో చెప్పింది, పక్కింటావిడకు పిట్టగోడ మీదుగా అందించింది. మర్నాడే పక్కింటావిడ తన కంప్యూటరును చిన్నకోడలి షాపు ముందునుంచే ఇంకో షాపుకు మోయించుకెళ్ళి, బాగుకాకుండానే వెనక్కి తెచ్చుకుంది.

ఆ ఊరేగింపు చూసిన రాత్రి చిన్నకోడలికి హాయిగా నిద్రపట్టింది. పగ పట్టినవాళ్ళకు ఇక ఏం చెయ్యాలన్న దిగులుండదు.

"అందరి ముందూ అక్క నోటితో అనిపించాలి," అంది భర్తతో.

"ఏమని?"

"కార్డు మంచిదని. తన తమ్ముడు తెచ్చిందే చెత్త అని. ఏడవాలి కూడా."

"ఏడుపు లేకుండా మొదటి రెండూ కుదరవా?"

కుదరవని ఆమె చూపే చెప్పింది.

ఒంటరిగా వెళ్ళి చూస్తే కాసేపట్లో తేలే పని. కానీ పగకు ప్రేక్షకులు కావాలి. సెలవురోజు చూసి అత్తగారిని, బావగారిని మేడమీద కూర్చోబెట్టింది. ఆడపడుచును ఫోన్లో ఉంచింది. పక్కింటావిడను కాఫీ వంకతో రప్పించింది. భర్త చేత తన షాపు కంప్యూటరును మేడమీదికి మోయించింది.

ముందు యథావిధిగా వాసన చూసింది. కమురు లేదు. తల పంకించి, సభకు విషయం విడమరిచింది. ఎండ బొమ్మ వెయ్యాలంటే కార్డుకు ఒక్కసారిగా ఆకలి పెరుగుతుంది. అంత కరెంటు ఇవ్వలేక పవర్ సప్లై అయినా చేతులెత్తేసి ఉండాలి, తినే ఓపిక లేక కార్డయినా కూలబడి ఉండాలి. రెంటికీ తెర నల్లగానే అవుతుంది. అందుకని ముద్దాయిలను విడివిడిగా విచారించాలి. ఇందులో కార్డు ఏదని అత్తగారు అడిగింది.

అనుమానం పడ్డ కార్డును ఊడదీసి షాపు కంప్యూటరులో పెట్టి, అదే ఇంటి బొమ్మ నడిపించింది. ఫ్యాన్లు హోరెత్తాయి. కిటికీల్లోంచి, వరండాలోంచి, ఆఖరికి స్నానాలగదిలోకి కూడా ఎండ పడింది. తెర చెక్కుచెదరలేదు. కార్డు నిర్దోషి.

పరువు కోసమైతే అక్కడితో చాలు. పగకు చాలదు. కార్డును తిరిగి పెద్దకోడలి కంప్యూటరులో బిగించి, మెరుపు బొమ్మదాన్ని పీకి పక్కన పడేసి, షాపు కంప్యూటరు పవర్ సప్లైని ఊడదీసి దీనికి తగిలించింది. ఇదీ నడిచింది. మెరుపు బొమ్మదాన్ని మళ్ళీ పెట్టి, అది అందరి కళ్ళెదుటా చచ్చేది చూపించడం ఒక్కటే మిగిలింది. ఆ లోపు, అద్దం ముందు సాధన చేసిన ఉపన్యాసం అందుకుంది.

"ఇప్పుడు చెప్పక్కా, నేను నీకు అంటగట్టింది ఏమిటో."

పెద్దకోడలు తెర మీంచి కళ్ళు తిప్పలేదు. "కార్డు మంచిదేనా? అయితే తప్పు నాదే చెల్లీ," అంది, పాలు పొంగాయని చెప్పినంత తేలిగ్గా. వదినా విన్నావా, కార్డు మంచిదేనట అని ఫోన్లోకి కూడా అదే గొంతుతో చెప్పింది.

చిన్నకోడలు ఇంకా ఆశ వదులుకోలేదు. "మరి మీ తమ్ముడు?"

"వాడికేం తెలుసు పాపం. షాపువాడు చేతిలో పెట్టింది తెచ్చాడు. ఇంకేం విప్పకమ్మా, సాయంత్రానికల్లా ఈ ఇంటి బొమ్మ ఇచ్చెయ్యాలి."

ఏడుపు జాడ ఎక్కడా లేదు. బాగైతే ఇక లేవనా అని అత్తగారు అడిగింది. బావగారు అప్పటికే లేచారు. పక్కింటావిడ మాత్రం, తమ కంప్యూటరు కూడా ఇలాగే చేస్తోందని, మధ్యాహ్నం తెస్తానని చెప్పి వెళ్ళింది.

అన్నట్టే తెచ్చింది. దాని కార్డు ఊడదీసి తన దాంట్లో పెట్టి చూద్దామని చిన్నకోడలు షాపు కంప్యూటరు మీట నొక్కింది. అది వెలగలేదు. దాని పవర్ సప్లై మేడమీద పనిచేస్తోంది.