రేకుకు చెవి ఆనించిన బాబాయి

మా బాబాయి పోయాడు. అమెరికాలో, షామ్‌బర్గ్‌లోని తన ఇంటి గరాజ్‌లో, ఏళ్ల తరబడి బాగుచేస్తున్న పాత కారు పక్కన, ఒక ఆదివారం పొద్దున కాఫీ వేళకు పోయాడు. మధ్యాహ్నానికల్లా మా చుట్టాల వాట్సాప్ గ్రూపులన్నీ నిండిపోయాయి. "సడన్‌గా జరిగిందట." "బాధపడకుండా వెళ్లిపోయారట." "అనాయాస మరణం, పుణ్యాత్ములకే దక్కుతుంది." వాటి కింద దీపం బొమ్మలు, చేతులు జోడించిన బొమ్మలు. నేను ఫోన్‌ను సోఫాలోకి విసిరికొట్టాను. అది సడనూ కాదు, అనాయాసమూ కాదు. వేసవి మొదట్నుంచీ ఆ మనిషికి గుండెల్లో నొప్పి వస్తూనే ఉంది. ఆ నొప్పికి ఆయన పెట్టుకున్న పేరు గ్యాస్.

పోయినవాళ్ల గురించి మంచే రాయాలంటారు. రాస్తాను, మంచి మనిషే కనుక. కానీ కోపం మింగేసి రాయడం నా వల్ల కాదు. ఇష్టం లేనివాళ్లు ఇక్కడే ఆపేయవచ్చు.

బాబాయి అంటే మా నాన్నకు స్వయానా తమ్ముడు. వయసులో ఉండగా ప్రోగ్రామర్ ఉద్యోగానికి ఈ ఊరొచ్చి, ఇక్కడే రిటైరయ్యాడు. రిటైరైన మనవాళ్లు గుడి కమిటీలో చేరతారు, లేదంటే కాస్ట్‌కో షాపులో చుట్లు నడుస్తారు. ఈయన రాక్‌ఫర్డ్ అవతల ఒక రైతు షెడ్డులో అరవైల నాటి కారును చూసి మనసు పారేసుకుని, ట్రైలర్ మీద ఇంటికి తెచ్చుకున్నాడు. పడవంత కారు. ఒకప్పుడు నీలం రంగు ఉండేదట. పిన్ని బయటికొచ్చి లోపలికి తొంగి చూసి, "ఇదేం దరిద్రమండీ, దీనికి అడుగే లేదు" అంది. నిజంగానే లేదు. సీటు పక్కన వంగి చూస్తే కింద సిమెంటు నేల కనిపించేది. ఇక్కడ చలికాలమంతా మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కదా, ఆ ఉప్పునీళ్లు తలుపుల్లో, చక్రాల మీది రేకుల్లో చేరి లోపల్లోపల తినేస్తాయి. బయటికి ఏమీ తెలియదు.

ఆ తెలియనిదాన్ని కనిపెట్టడంలో మా బాబాయి దిట్ట. వేలి కణుపుతో రేకు మీద టకటకా కొట్టి, చెవి ఆనించి వినేవాడు. మంచి రేకు ఖంగుమంటుంది. కన్నం మీద పుట్టీ పెట్టి పూడ్చిన చోట మొద్దుగా, చెక్క మీద కొట్టినట్టు వినిపిస్తుంది. అనుమానం తీరకపోతే పిన్ని ఫ్రిజ్ మీది వెంకటేశ్వరస్వామి అయస్కాంతం పట్టుకొచ్చేవాడు. రేకైతే అతుక్కుంటుంది, పుట్టీ అయితే జారిపోతుంది. "దేవుణ్ణి తీసుకెళ్లి ఆ తుప్పుకు రాస్తారా?" అని పిన్ని గొడవ. "ఆయన చూడని తుప్పా!" అని ఈయన జవాబు.

నేను శనివారాలు నేపర్‌విల్ నుంచి డ్రైవ్ చేసుకుని వెళ్లేదాన్ని. వారమంతా మీటింగుల్లో నోరు నొక్కుకుని కూర్చున్నదానికి, రేకు అరగదీసే గ్రైండర్ చేతికొస్తే ప్రాణం లేచొచ్చేది. ఎదురింటి అంకుల్ కూడా వచ్చేవారు. వరంగల్ మనిషి, బాబాయికి ప్రాణస్నేహితుడు. ఇద్దరూ తిట్టుకోకుండా ఒక్క బోల్టు బిగించిన పాపాన పోలేదు.

ఒకరోజు వెనక చక్రం మీది రేకు దగ్గర అయస్కాంతం జారి కింద పడింది. పైకి చూస్తే వేలెడంత పొక్కు, అంతే. బాబాయి గ్రైండర్ పెట్టాడు. పుట్టీ పెచ్చులు పెచ్చులుగా ఊడింది, దాని వెనక గోడ కన్నాలకు కొట్టే నురుగు, ఆ వెనక ఎప్పటిదో పాత గోనెగుడ్డ. చెయ్యి మొత్తం దూరేంత కన్నం. ఆయనకు ఎక్కడ లేని కోపం వచ్చింది. గోనెగుడ్డను డ్రైవ్‌వే దాకా విసిరికొట్టి, "ఎవడే ఈ పని చేసింది? వాడి చెయ్యి పడిపోను! లోపల కుళ్లుతుంటే పైన రంగేసి అమ్ముకుంటాడా వెధవ!" అని వీధంతా వినబడేట్టు తిట్టాడు. కుక్కను తిప్పుతున్న అమెరికన్ ఆవిడ మా వైపు రావడం మానేసి రోడ్డు దాటింది. ఆవేశం తగ్గాక నాతో అన్నాడు: "తుప్పుని ఎప్పుడూ అడక్కూడదే. కోసి చూడాలి. అడిగితే బాగానే ఉన్నానంటుంది."

నా ఉద్యోగం పోయినప్పుడు కూడా ఆయన ఒక్కడే సరిగ్గా మాట్లాడాడు. మిగతా వాళ్లంతా "అంతా మన మంచికే" అన్నారు. నాకు వాళ్ల పీక నొక్కాలనిపించింది. బాబాయి స్టూలు జరిపి, "దరిద్రంగా ఉంది కదా? ఏడువు. ఏడ్చాక ఆ తలుపు అంచు గీకు" అన్నాడు. కూర్చుని ఏడ్చాను, లేచి గీకాను. ఆ రోజు ఆయన నన్ను ఓదార్చకపోవడమే నాకు దక్కిన పెద్ద ఓదార్పు. అలాంటి మనిషి ఈ భూమ్మీద ఇంకొకడు నాకు దొరకడు.

అందుకే నా కడుపు మండిపోతోంది.

ఎండలు ముదిరిన ఒక శనివారం, వెల్డింగ్ చేస్తూ చేస్తూ మాస్కు తీసి స్టూలు మీద కూలబడ్డాడు. ముఖమంతా చెమట. ఎడమ భుజం నొక్కుకుంటున్నాడు, దవడ తిప్పుకుంటున్నాడు.

"ఏమైంది బాబాయ్?"

"ఏం లేదే. గ్యాసు. పొద్దున పెసరట్టు ఒకటి ఎక్కువైంది."

"దవడకి గ్యాసేంటి? డాక్టర్‌కి కాల్ చేయనా?"

"వచ్చే నెల ఎలాగూ అపాయింట్‌మెంట్ ఉందిగా, చూద్దాంలే. ఈ తలుపు అడుగు అతికించాక వెళ్తా."

ఎదురింటి అంకుల్ అప్పటికే రోడ్డు దాటి వాళ్లింటికి పోయి, వాము వేసి కాచిన నీళ్లు గ్లాసులో పట్టుకొచ్చారు. "తాగు అన్నా, నాకు గిట్లనే అయితది. తేన్పు వచ్చిందంటే మొత్తం సాఫ్ అయితది." బాబాయి తాగాడు. గరాజ్ అదిరేట్టు తేన్చాడు. "చూశావా, పోయింది!" అని నా వైపు గెలిచినట్టు చూశాడు. మళ్లీ మాస్కు దించుకున్నాడు.

గ్యాసట, గ్యాసు! ఏం జబ్బండీ మనవాళ్లకిది? వీపు నొప్పి గ్యాసు, భుజం లాగితే గ్యాసు, మెట్లెక్కితే ఆయాసం అదీ గ్యాసే. ఏ ఇంట్లో భోజనాలకు కలిసినా యాభై దాటిన మగవాళ్లంతా ఒక మూల చేరి, ఎవరి గ్యాసుకు ఎవరు ఏం వాడుతున్నారో వైద్యశాస్త్రం చెప్పుకుంటారు. ఒకరిది జీలకర్ర, ఒకరిది ఇంగువ, ఇంకొకరిది ఇండియా నుంచి వచ్చేవాళ్లతో తెప్పించుకున్న మాత్ర. కార్లకు ఆయిల్ మార్చే తేదీ తప్పనివాళ్లు, చేతి గడియారంలో అడుగులు లెక్కబెట్టుకునేవాళ్లు, ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లు. డాక్టర్ దగ్గరికి మాత్రం "ఇంత చిన్నదానికా" అని వెళ్లరు. గుండె అన్న మాట నోట్లోంచి వస్తే మగతనం పోతుందనో, లేక ఇంట్లోవాళ్లు భయపడతారనో. ఇంట్లోవాళ్లు ఇప్పుడు భయపడటం లేదు లెండి, ఏడుస్తున్నారు.

బాబాయ్, నీ మీద నాకు చెప్పలేనంత కోపంగా ఉంది. రేకుకు చెవి ఆనించి విన్నావు కదయ్యా. నీ గుండె నెలల తరబడి కొట్టి చెప్పింది, దానికి వాము నీళ్లు పోశావు.

పిన్ని కాఫీకి పిలిచినా పలకలేదు. తలుపు తీసి చూస్తే కారు పక్కనే నేల మీద ఉన్నాడు. ఆసుపత్రిలో డాక్టర్ పిన్నినీ నన్నూ ఒక గదిలో కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పింది: రక్తనాళాలు చాలాకాలంగా పూడిపోతూ వచ్చాయి, అంతకు ముందే ఒకసారి చిన్న అటాక్ వచ్చి వెళ్లింది, ముందే వచ్చి ఉంటే చేయగలిగింది ఎంతో ఉండేది. తిరిగొస్తూ కార్లో పిన్ని నా చెయ్యి పట్టుకుంది. "ఈ సంగతి ఎవరికీ చెప్పకే. మొగుణ్ణి చూసుకోలేదంటారు నన్ను. సడన్‌గా అయిందనే చెప్పు."

ఆవిడ మొహం చూసి సరేనన్నాను. కర్మలు జరిగిన రోజులన్నీ పళ్లు బిగబట్టుకుని, వచ్చినవాళ్లందరికీ సడన్‌గా అయిందనే చెప్పాను. చెప్పిన ప్రతిసారీ, ఎదురుగా తల ఊపుతున్న ఏ పెద్దాయన చెయ్యైనా ఛాతీ మీదికి పోతోందా అని చూసేదాన్ని.

పెద్దకర్మ రోజు ఇల్లంతా జనం. ఒకాయన లేచి "వారు శాంతమూర్తి, కోపమన్నది ఎరగరు" అన్నాడు. ఎవరి గురించి మాట్లాడుతున్నాడో నాకు అర్థం కాలేదు. అక్కడ కూర్చోలేక గరాజ్‌లోకి వెళ్లాను.

ఎదురింటి అంకుల్ ముందే అక్కడ ఉన్నారు. కర్మకు కట్టుకొచ్చిన పంచె పైకి చెక్కుకుని, కారు తలుపుకు బ్రష్‌తో ప్రైమర్ పూస్తున్నారు. బాబాయి తెల్లరేకు తేలేదాకా గీకి వదిలిన తలుపది. చెమ్మకు అప్పుడే ఎర్రమచ్చలు మొదలయ్యాయట, అంకుల్ వాటిని గీకి పారేసి బూడిదరంగు పూత వేస్తున్నారు. చేతులకు గ్లవ్స్ కూడా లేవు.

"వదిలేస్తే కరాబైతది బిడ్డా. అన్న కష్టం మొత్తం పోతది" అన్నారు. నుదుటి మీద చెమట కారుతోంది. గరాజ్ చల్లగా ఉంది. బ్రష్ ఎడమ చేతి నుంచి కుడిచేతికి మార్చుకుని, ఎడమ చెయ్యి విదిలించారు.

"అంకుల్, ఏమవుతోంది?"

"ఏం గాలే. పొద్దటిసంది ఏం తినలే గదా, గ్యాస్ పట్టింది."

"నోర్ముయ్యండి!" అని అరిచాను. పెద్దాయన్ని, మా నాన్నంత వాణ్ణి, అలాగే అన్నాను. "గ్యాసూ కాదు, నా మొహమూ కాదు! బాబాయి సడన్‌గా పోలేదు. ముందే అటాక్ వచ్చింది. మీరు వాము నీళ్లు పట్టిస్తే, ఆయన తాగి తేన్చి చచ్చిపోయాడు!"

లోపలున్న అందరికీ వినబడింది. పిన్ని గరాజ్ తలుపు దగ్గరికొచ్చి నిలబడింది. ఆవిడకు ఇచ్చిన మాట తప్పానని తెలుసు, ఏమంటుందోనని చూశాను. ఆవిడ నన్ను చూడనే లేదు.

"అన్నయ్యగారూ, మా ఆయనా ఇదే అన్నాడు. నేనూ మజ్జిగిచ్చి పడుకోమన్నాను" అంది అందరి ముందూ. "మీరు కూర్చోండి. కదలకండి. ఫోన్ చెయ్యవే."

నేను 911కి కాల్ చేశాను. "అంబులెన్స్ ఎందుకమ్మా, కర్మ జరిగే ఇంటి ముందు!" అని ఎవరో గొణిగారు. "ఇవాళ ఆవిడ గడప దాటకూడదు" అని ఇంకెవరో అన్నారు. పిన్ని చెప్పులు వేసుకుని, అంబులెన్స్ వెనకే వెళ్లడానికి నా కార్లో వచ్చి కూర్చుంది.

అదృష్టం, మూసుకుపోతున్న నాళం తెరిచి స్టెంట్ వేశారు. అంకుల్ ఇంటికి వచ్చారు. నా మీద ఇంకా గుర్రుగానే ఉన్నారు, ఉండనీ. ఇదంతా రాయమన్నది పిన్నే. చదివాక మీలో ఎవరికైనా పొద్దున వచ్చిన గ్యాసు గుర్తొస్తే, వాము డబ్బా పక్కన పెట్టి ఫోన్ తీయండి.

నాకు మాత్రం ఎమర్జెన్సీ గదిలో ఆ మొదటి నిమిషాలే కళ్ల ముందు ఉన్నాయి. ఛాతీ నిండా వైర్లు అతికించారు. నర్సు అంకుల్ వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టింది, తెర మీద అంకె రాలేదు. ఇంకో వేలికి మార్చింది, దానికీ రాలేదు. చెయ్యి ఎత్తి చూసి, "ఏమిటిది, నెయిల్ పాలిషా?" అంది. గోళ్లన్నిటి మీదా బూడిదరంగు ప్రైమర్ ఎండిపోయి ఉంది. నర్సు గోళ్ల రంగు తీసే మందులో తడిపిన దూది తీసి రుద్దబోతే పిన్ని చెయ్యి చాచి అడిగి తీసుకుంది. అంకుల్ చూపుడువేలు తన ఒళ్లోకి లాక్కుని, పెదవి బిగించి, గోరు రంగు బయటపడేదాకా రుద్దింది. నర్సు క్లిప్పు పెట్టింది. అంకె వెలిగింది. పిన్ని అంకుల్ చెయ్యి వదల్లేదు.