చోప్ చేసిన ఓటు

పన్ను కట్టని సిగరెట్లు అమ్మి జైలుకు వెళ్లొచ్చినప్పటి నుంచి ఫసీహుద్దీన్‌కు సింగపూర్ జురాంగ్ ఈస్ట్‌లోని తన తెలుగు సంఘంలో ఓటు లేదు. ఎన్నికలప్పుడు వెనక వరుసలో కూర్చుని, చేతులెత్తేవాళ్లను చూసేవాడు. ఈ ఏడాది సంఘం, జైలుకెళ్లినవాళ్లకు ఓటు లేదన్న ఆ నియమం కొట్టేసింది.

అతను అందరికంటే ముందే వచ్చి, ఓటర్ల వరుసలో ఒక కుర్చీ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి చోప్ చేశాడు, అంటే జాగా ఆపుకున్నాడు. తినుబండారాల దుకాణాలుండే హాకర్ సెంటర్లో బల్ల కోసం ఇక్కడ అందరూ చేసే పనే. టీ తాగి వచ్చేసరికి, మొన్ననే కాకినాడ నుంచి దిగిన ఒకాయన ఆ కుర్చీలో కూర్చుని, ఆ టిష్యూతోనే ముక్కు తుడుచుకుంటున్నాడు.

"అరే భాయ్, అది నా జాగా!"

"జలుబండీ. ఎవరో పుణ్యాత్ములు పెట్టారనుకున్నాను."

కుర్చీతోపాటు ఓటూ పోయిందని ఫసీహుద్దీన్ బిక్కమొహం వేశాడు. కార్యదర్శి కాత్యాయని నవ్వింది.

"నిలబడి కూడా వెయ్యొచ్చు అంకుల్. సరే, వరుణ్‌కి వేసేవాళ్లు?"

అతను చెయ్యెత్తాడు.

"నందితకి?"

మళ్లీ ఎత్తాడు.

"అంకుల్, ఒక్కరికే లా!" అంది కాత్యాయని సింగపూర్ యాసలో.

అతను చెయ్యి దించలేదు.

"ముందైతే ఎత్తనియ్యి బేటీ. ఎవరికన్నది ఇంటికి పోయి సోంచాయిస్త."