కొబ్బరికాయ గీసిన కరెంటు లైను

దయ్యాలు, చేతబడులు అంటే నవ్వేసే మనిషిని నేను. కొబ్బరికాయతో భూమిలో నీళ్లు చూస్తారంటే మా నాన్నతో, అదే బాపుతో, గొడవే పెట్టుకునేదాన్ని. జడ్చర్ల దగ్గర మందుల కంపెనీ ల్యాబులో పనిచేస్తాను. కొలిచి చూడనిదే ఏదీ ఒప్పుకోను. అందుకే ఇది రాయడానికి నాకే చిరాకుగా ఉంది.

కొన్నేళ్ల కిందట మా ఊరి మీదుగా హైటెన్షన్ లైను వస్తోందని తెలిసింది. మాకున్నది రెండెకరాల మెట్ట చెలక. మా తాత బతుకంతా ఒకరి దగ్గర పాలేరుగా జీతమున్నాడు. సొంత భూమి చూసింది బాపే. నట్టనడుమ టవర్ పడితే ఇక అది చెలకే కాదు. టవర్‌ను గట్టు పక్కకు జరపమని అడగాలంటే పునాది తవ్వకముందే అడగాలి. అడగాలంటే లైను ఎటు పోతోందో తెలియాలి.

ఆ మ్యాప్ కోసం కాళ్లరిగేలా తిరిగాను. ఒక ఆఫీసులో ఇంకో ఆఫీసుకు పొమ్మన్నారు. అక్కడ అది రహస్యమన్నారు. టవర్ నంబరు రాయకపోతే దరఖాస్తు తీసుకోబోమన్నారు. మ్యాప్ చూపకుండా నంబరు ఎక్కడి నుంచి తేవాలి? మా నెత్తి మీద పోయే తీగ మాకే రహస్యమట. ఒళ్లు మండిపోయింది.

ఆ ఎండాకాలమే మా బోరు ఎండింది. బోరు పాయింట్లు చూసే బాలయ్యను బాపు పక్క ఊరి నుంచి పిలిచాడు. అరచేతిలో కొబ్బరికాయ అడ్డంగా పెట్టుకుని నడుస్తాడాయన. నీళ్లున్న చోట కాయ నిలువుగా లేస్తుందని అందరి నమ్మకం. చెలక నడుమ అది లేచి నిలబడింది. బాపు సంబరంగా అక్కడ రాయి పాతి పసుపు కుంకుమ పెట్టాడు.

బాలయ్య మాత్రం ఆగలేదు. ఎవరో చెయ్యి పట్టి లాగుతున్నట్టు కంప కంచె దాటి పక్క చేనులోకి పోయాడు. అక్కడా లేచింది. మళ్లీ అంతే దూరంలో ఇంకో చోట. అన్నీ ఒకే వరుసలో. ఊరి పెద్ద ఆసామి మామిడితోట దగ్గర మాత్రం పక్కకు తిరిగి, తోటను చుట్టి అవతలికి పోయాడు. ఇదంతా ఉత్తదేనని తర్వాత బాపుకు నిరూపించాలని, నేను వెనకాలే నడుస్తూ కాయ లేచిన ప్రతి చోటునూ ఫోన్లో గుర్తు పెట్టుకున్నాను.

చివరికి బాలయ్య కాయను కింద పడేశాడు.

"నీళ్లయితే చెయ్యి సల్లబడ్తది బిడ్డా. గిది కాలుతాంది," అన్నాడు. ఇచ్చిన చాయ్ కూడా ముట్టకుండా వెళ్లిపోయాడు.

ఆ వరుస చూస్తుంటే నాకే అనుమానం వచ్చింది. కాగితం మీద గీసి, లైను ఇదేనా అని అడగడానికి, మ్యాప్ రహస్యమన్న ఆఫీసుకే పట్టుకెళ్లాను. అక్కడి సారు బీరువాలోంచి పెద్ద షీటు తీసి, నా కాగితం పక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. షీటు నాకు కనిపించనియ్యలేదు.

"గీ మ్యాప్ నీకెవరిచ్చిండ్రు?" అన్నాడు.

కొబ్బరికాయ సంగతి చెప్తే ఎగతాళి అనుకున్నాడు. ఆఫీసు కాగితాలు దొంగిలించానని కేసు పెడతానన్నాడు. దరఖాస్తు ముట్టుకోలేదు. మా చెలక మీది నుంచి చెప్పకుండా గీత గీసుకున్నది వాళ్లు, దొంగను నేను.

ఇంటికొచ్చి చెప్తే బాపు, "నువ్వు కాయను నమ్మకపోతివి. ఆఫీసోళ్లు నమ్మిండ్రు గద బిడ్డా," అన్నాడు.

వానాకాలంలో కాంట్రాక్టరు మనుషులు వచ్చారు. బాపు బొట్టు పెట్టిన రాయిని పీకి పక్కన పడేసి, సరిగ్గా అక్కడే గుంత తవ్వారు. చుక్క నీళ్లు పడలేదు. ఇప్పుడు బాపు ఆ టవర్ కాళ్ల చుట్టూ మిగిలిన జాగాలో కందులు వేస్తున్నాడు.

తీగలే లేని రోజున బాలయ్య చెయ్యి ఎందుకు కాలిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. లైను మామిడితోట దగ్గర ఎందుకు వంగిందో మాత్రం మా ఊళ్లో ఎవరినడిగినా చెప్తారు.