తోక తప్పిన బుడగ

పిఠాపురంలో పచారీ కొట్టు నడిపే కుక్కుటేశ్వరరావుగారికి కార్టూన్ల పిచ్చి. అదీ ఫరవాలేదు, మాటల బుడగకు తోక పెట్టడం మాత్రం రాదు. తెలివితక్కువ మాట ఎవరన్నా సరే, బొమ్మలో బుడగ తోక వంకర తిరిగి బట్టతల కొట్టువాడి నోటికే చేరేది. ఆ బట్టతల అచ్చంగా ఆయనదే.

"ఉప్పులో ఉప్పు తక్కువైతే వెనక్కి తీసుకుంటారాండీ?" అని బేరానికొచ్చిన చిట్టియ్య అడిగాడు. బొమ్మలో చూస్తే అడుగుతున్నది కొట్టువాడు! చెమట చుక్కలు, పరుగు గీతలు, కోపమొస్తే నెత్తిన పొగ, అన్నీ కుదిరేవి. పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిది నాటికి తొమ్మిదేళ్లుగా వారపత్రికలవాళ్లు బొమ్మలు తిప్పి పంపుతూనే ఉన్నారు: "మాట ఎవరిదో చూసుకోండి."

ఆ కవర్లు చూస్తే భార్య మీనాకుమారికి ప్రాణం ఉసూరుమనేది.

"ఒక్క తోక తిప్పలేరాండీ?"

"చెయ్యి అటే పోతోందే!"

ఇంతలో ఆవిడ నెత్తినే పిడుగు పడింది. "మీ అన్నయ్య ట్రంకు కాల్ వస్తోంది, పోస్టాఫీసుకెళ్లి తీసుకో" అని ఆయన కొట్టు నుంచి కబురంపారు. ట్రంకు కాలంటే పైఊరి నుంచి వచ్చే ఫోనని తెలియక, తీసుకోమన్నారు కదా అని ఆవిడ అటక మీది ట్రంకుపెట్టె దింపించి, రిక్షాలో వేసుకుని వెళ్లింది.

"ఇందులో పడుతుందాండీ, ఇంకా పెద్దది తేవాలా?"

పోస్టాఫీసు నవ్వింది. సాయంత్రానికి వీధంతా నవ్వింది. "ట్రంకు మీనాకుమారి" అన్న పేరు ఖాయమైపోయింది. పదిహేను రోజులు ఆవిడ గుమ్మం దాటలేదు. చెల్లెలి కూతురి పెళ్లికి కోరుకొండ రానంది. "ఈ ముఖం ఎక్కడ పెట్టుకోనండీ?" అని ఏడ్చింది. బతుకు మీదే రోత పుట్టింది. ఆయన చూస్తే ఇండియన్ ఇంకు ముందేసుకుని ట్రంకుపెట్టె బొమ్మ గీస్తున్నారు! కట్టుకున్నవాడే పరువు బజారుకెక్కిస్తున్నాడని ఆవిడ అన్నం మానేసింది.

ఆ బొమ్మే అచ్చయింది, తొమ్మిదేళ్లలో మొదటిసారి. పోస్టాఫీసు, ట్రంకుపెట్టె, "ఇందులో పడుతుందాండీ?" అన్న బుడగ. తోక బట్టతలవాడి నోట్లో ఉంది. బొమ్మ మొత్తంలో ఆడమనిషే లేదు.

"మళ్లీ తోక తప్పారు" అంది మీనాకుమారి.

"తప్పలేదే. మాట వాడి నోట్లోనే పెడితే చిట్టియ్య మర్నాడు కొట్టుకు రావాలా, వద్దా?" అన్నారాయన, పప్పు తూస్తూ.

అచ్చులో పడ్డదే నిజం మనవాళ్లకు. ఆ వేళ కౌంటరులో ఉన్న పోస్టుమాస్టరు కూడా "పెట్టె తెచ్చింది పచారీ కొట్టు శెట్టిగారేనండీ" అని ఒట్టేశాడు.

కోరుకొండ పెళ్లిలో పాపాయమ్మ అనే పెద్దావిడ మీనాకుమారి పక్కన చేరి బుగ్గలు నొక్కుకుంది. "ట్రంకు పట్టుకెళ్లింది మీ ఆయనేనటగా! ఎలా వేగుతున్నావమ్మా?"

మీనాకుమారి కొంగుతో నవ్వు మూసుకుంది.

"ఏం చెప్పమంటారండీ! చదువుకున్నారు గానీ, బొత్తిగా లోకజ్ఞానం లేదు."